సనాయలో ‘రజ్జా’ అంటే: బండి వణుకుడు పట్టుకునే తీరు

సనాయ అంటే గల్ఫ్‌లో గరాజ్‌లుండే ఇండస్ట్రియల్ ఏరియా. అక్కడి గరాజ్‌లో కొత్తగా చేరినోళ్ల చెవిన తొందరగా పడే మాట ‘రజ్జా’. బండి వణుకుతోందని కస్టమర్ చెప్పే మాట అది. గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌ను తిప్పే పొడుగు షాఫ్ట్ కొసల్లో ఉండే జాయింట్‌ను వరంగల్ ఆటోనగర్‌లో మనం క్రాస్ అంటం, ఇక్కడ ‘సలీబ్’ అంటారు. రజ్జా అనగానే కొత్త సలీబ్ కోసం పార్ట్స్ షాపుకు ఉరకకండి తమ్మీ. మార్చినా వణుకు పోకపోతే ఆ బండి మళ్లీ మీ దగ్గరికే వస్తది. జాబ్ కార్డు మీద ఉండేది మీ పేరే.

ముందు నడిపి చూడాలె. ఏ స్పీడులో వణుకుతోందో రాసుకుని, అదే స్పీడు తగ్గకుండా ఒక గేరు తగ్గించండి. ఇంజన్ ఆర్‌పీఎం మారినా వణుకు అట్లనే ఉంటే తప్పు చక్రాలదో, షాఫ్ట్‌దో. టైరు చుట్టుకొలత 2.2 మీటర్లున్న పికప్ గంటకు 100 కిలోమీటర్ల మీద పోతుంటే చక్రం సెకనుకు 12, 13 చుట్లు తిరుగుతది. డిఫరెన్షియల్ రేషియో, అంటే చక్రం ఒక్క చుట్టుకు షాఫ్ట్ తిరిగే చుట్లు, 4.1 అయితే షాఫ్ట్ దాదాపు 52 చుట్లు. అందుకే టైరు వణుకు నిదానంగా ఊపుతది, షాఫ్ట్ వణుకు సీటు కింద తుమ్మెద రొదలెక్క ఉంటది.

ముందు టైర్లు, రిమ్ములు చూసి, ఆ తర్వాతే కిందికి దూరండి. షాఫ్ట్ విప్పే ముందు, అది బోల్టులతో బిగిసే ఫ్లాంజ్‌కూ షాఫ్ట్‌కూ కలిపి పెయింటు గీత పెట్టాలె. ముందుకూ వెనక్కూ జారే పళ్ల జోడు, అంటే స్ప్లైన్ మీద కూడా అంతే. చాలా రజ్జాలు ఇక్కడనే పుడతయి. రెండు ముక్కల షాఫ్ట్‌ను ఒక్క పన్ను అటూ ఇటూ కలిపితే క్రాస్‌ను పట్టుకునే కొమ్ముల (యోకుల) వరుస తప్పి, కొత్త క్రాస్ వేసినా వణుకుతనే ఉంటది.

క్రాస్ కప్పుల అంచున ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే లోపల గ్రీజు ఎండినట్టే. విప్పి చూస్తే కప్పులోని సూది బేరింగు సూదులు ఒక్కచోటనే కొట్టుకుని గాట్లు పడి ఉంటయి. కొత్తది ఎక్కించేటప్పుడు సూదులను గ్రీజుతో గోడకు అంటించండి. ఒక్క సూది కప్పు అడుగున అడ్డంగా పడ్డా కప్పు పూర్తిగా దిగదు, కప్పును ఆపే సర్‌క్లిప్ గాడిలో కూర్చోదు. అప్పుడు సుత్తితో బలవంతం చేయకండి, మళ్లీ తీయండి. ఎక్కించినంక క్రాస్ అన్ని దిక్కులా చేతితో సాఫీగా మెదలాలె. రెండు ముక్కల షాఫ్ట్‌ను నడుమ మోసే సెంటర్ బేరింగ్ రబ్బరు చినిగిందా, అది కూడా చూడండి.

ఇక కోణాలు. బండి బరువు చక్రాల మీదనే ఉండాలె. యాక్సిల్‌ను వేలాడదీసి కొలిస్తే అంకెలన్నీ తప్పే. మాగ్నెట్ ఉన్న డిజిటల్ యాంగిల్ గేజ్‌తో గేర్‌బాక్స్, షాఫ్ట్, పినియన్ (షాఫ్ట్ కలిసే డిఫరెన్షియల్ కొస) మూడూ కొలవండి. వెనక్కి వాలిన కోణాలు గేర్‌బాక్స్ 3 డిగ్రీలు, షాఫ్ట్ 5, పినియన్ 3.5 అనుకోండి. ముందు క్రాస్ 2 మీద, వెనక క్రాస్ 1.5 మీద పనిచేస్తున్నయి. బాగున్నట్టే. సాధారణంగా ఒక్కోటి 1 నుంచి 3 లోపు, రెంటికీ తేడా 1 డిగ్రీ మించకుండా చూసుకోవాలె. కోణం సున్నా ఉన్నా మంచిది కాదు, సూదులు కదలక ఒక్కచోటనే అరుగుతయి. ఎడారి కోసం ఎత్తు పెంచిన పికప్పుల్లో ఎక్కువగా తప్పేది ఇదే. లీఫ్ స్ప్రింగ్‌కూ యాక్సిల్‌కూ నడుమ వాలు ప్లేటు వేసి పినియన్‌ను సరిచేయొచ్చు.

కోణాలు సరిగ్గా ఉన్నా రొద పోకపోతే బ్యాలెన్స్ చూడాలె. షాఫ్ట్ వెనక చివర రెండు హోస్ క్లాంపులు బిగించి, స్క్రూ తలలు ఒక్కదిక్కు పెట్టి నడపండి. పావు చుట్టు చొప్పున జరుపుతూ తక్కువ వణికే చోటు పట్టుకోండి. అక్కడినుంచి రెండు తలలను కొద్దికొద్దిగా విడదీస్తే ఇంకా తగ్గుతది. ఇది దారి తెలియడానికే, అసలు పని మెషీన్ మీద చేయించాలె.

ముందు చక్రాలు లాగే చిన్న కార్లయితే యాక్సిలరేటర్ తొక్కినప్పుడే అటూ ఇటూ ఊగుడు లోపలి జాయింట్‌ది, మలుపులో టకటక బయటి జాయింట్‌ది. జాయింట్ మీది రబ్బరు బూటు చినిగితే ఇసుక లోపలికి పోయి గ్రీజును సానరాయి చేస్తది.

బోల్టులు టార్క్ రెంచ్‌తో బిగించినంక, మొదట వణికిన రోడ్డు మీదనే, అదే స్పీడులో మళ్లీ నడిపి చూసి తాళం చేతికియ్యండి.