కౌన్సిల్ మైకు ముందు మూడు నిమిషాలు

కాలిఫోర్నియా బే ఏరియాలో మా ఊరి సిటీ కౌన్సిల్ మీటింగులకు తుపాకీ హింస విషయమై కొన్నేళ్లుగా వెళ్తున్నాను. ఎక్కడైనా కాల్పులు జరిగిన వారం హాలు కిక్కిరిసిపోతుంది. కుర్చీలు చాలవు, టీవీ కెమెరాలు దిగుతాయి. ఆ రాత్రి కౌన్సిల్ చేయగలిగేది మాత్రం దాదాపు ఏమీ ఉండదు. డబ్బు ఎక్కడికి పోవాలో తేలేది మే, జూన్ నెలల బడ్జెట్ మీటింగుల్లో, పదిమంది కూడా లేని హాల్లో. ఇది తెలుసుకోవడానికి నాకు రెండు బడ్జెట్లు పట్టింది.

కారణం బ్రౌన్ యాక్ట్. 1953 నాటి ఈ రాష్ట్ర చట్టం ప్రకారం మామూలు మీటింగుకు కనీసం 72 గంటల ముందు, స్పెషల్ మీటింగుకు 24 గంటల ముందు అజెండా బయట పెట్టాలి. అజెండాలో లేని విషయం మీద కౌన్సిల్ చర్చించకూడదు, ఓటు వేయకూడదు. మనం మాట్లాడవచ్చు. వాళ్లు వింటారు, ఏదైనా అర్థం కాకపోతే ఒక ప్రశ్న అడుగుతారు, "స్టాఫ్ దీన్ని చూడండి" అంటారు. అక్కడితో సరి. ఏడుస్తూ మాట్లాడిన వాళ్లకు "థాంక్యూ, నెక్స్ట్ స్పీకర్" అన్న జవాబు వస్తే ఒళ్లు మండుతుంది. చాలాసార్లు అది నిర్లక్ష్యం కాదు, చట్టం వాళ్ల నోరు కట్టేసింది. (కొన్నిసార్లు నిర్లక్ష్యమే, అదీ చూశాను.) అజెండాలో లేని విషయాల మీద మాట్లాడే హక్కు మామూలు మీటింగులకే ఉంది, స్పెషల్ మీటింగులో ఉండకపోవచ్చు. అందుకే అజెండా మొదటి పేజీ పైన ఏ రకం మీటింగని రాశారో ముందు చూసుకోండి.

మా దగ్గర మీటింగు మంగళవారం సాయంత్రం, అజెండా గురువారమో శుక్రవారమో వెబ్‌సైట్‌లో పడుతుంది. ప్రతి ఐటెం కింద స్టాఫ్ రిపోర్టు పీడీఎఫ్ ఉంటుంది. నలభై పేజీలున్నా భయపడనక్కర్లేదు, రెండు చోట్లు చదివితే చాలు. ఒకటి "రికమెండేషన్", కౌన్సిల్ ఆ రాత్రి ఏ మాటల మీద ఓటు వేస్తుందో అక్కడ ఉంటుంది. రెండోది "ఫిస్కల్ ఇంపాక్ట్", డబ్బు ఏ ఖాతా నుంచి, ఎన్నాళ్లకు అన్నది అక్కడ తేలిపోతుంది.

తరువాత చూడాల్సింది కన్సెంట్ క్యాలెండర్. వివాదం లేదనుకున్న పదీ పదిహేను ఐటెంలను ఒక్క ఓటుతో, చర్చ లేకుండా పాస్ చేసేస్తారు. వీధుల్లో కుర్రాళ్లతో పనిచేసే అవుట్‌రీచ్ సంస్థల కాంట్రాక్టులు, కెమెరాల కొనుగోళ్లు, రాష్ట్రం నుంచి వచ్చిన గ్రాంటుకు ఆమోదం, ఇలాంటివి తరచుగా ఇక్కడే దాక్కుని ఉంటాయి. ఆ ఓటు పడకముందే మాట్లాడాలి, పడ్డాక పిలవరు. దీనిలో ఒక సుఖం కూడా ఉంది. కన్సెంట్ ఐటెం మీద మాట్లాడతానని కార్డు ఇస్తే ఏడున్నరకల్లా మీ వంతు అయిపోతుంది. అసలు ఐటెం కోసం ఆగితే పదిన్నర దాటవచ్చు, వరుస మార్చే అధికారం మేయరుకు ఉంటుంది కూడా.

స్పీకర్ కార్డు గుమ్మం దగ్గర బల్ల మీద దొరుకుతుంది. నింపి సిటీ క్లర్క్‌కు ఇవ్వాలి. పేరు, అడ్రసు రాస్తేనే లోపలికి రానిస్తామనే హక్కు వాళ్లకు లేదు. పౌరసత్వం, వీసా ఎవరూ అడగరు. మనవాళ్లు ఎక్కువగా వెనకాడేది ఇక్కడే కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. మీటింగు మొత్తం వీడియో రికార్డవుతుంది, ఏళ్ల తరబడి వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఎఫ్1 మీదో హెచ్1బీ మీదో ఉండి మొహం కనిపించడం ఇష్టం లేకపోతే క్లర్క్‌కు ఈమెయిల్ రాయండి, అదీ రికార్డులో చేరుతుంది. గడువు మీటింగు రోజు మధ్యాహ్నమని ఉన్నా ముందు రోజు ఉదయానికే పంపడం మేలు. మధ్యాహ్నం వచ్చిన ఈమెయిలు చదివే తీరిక ఏ కౌన్సిలర్‌కూ ఉండదు. తెలుగులోనే మాట్లాడతామనే పెద్దవాళ్లుంటే, అనువదించే మనిషితో వచ్చినవారికి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలని బ్రౌన్ యాక్ట్‌లోనే ఉంది. చెవిలో ఏకకాలంలో అనువాదం వినిపించే పరికరాలున్న చోట మాత్రం ఈ రెట్టింపు వర్తించదు. ముందుగానే క్లర్క్‌తో మాట్లాడుకుంటే ఆ రోజు మైకు దగ్గర వాదన ఉండదు.

సమయం మూడు నిమిషాలని కాగితం మీద ఉంటుంది. కార్డులు ముప్ఫై దాటితే మేయరు రెండంటారు, అరవై దాటితే ఒక్కటే అంటారు. ఇంగ్లిషులో తడబడకుండా చదివితే నిమిషానికి సుమారు 130 మాటలు పడతాయి. మూడు నిమిషాల ప్రసంగం తెచ్చుకుని నిమిషంలో చదవబోతే అడిగేది చివర్న ఉండిపోయి మైకు ఆగిపోతుంది. నేను చూసిన వాటిలో అతి మామూలు పొరపాటు ఇదే. అందుకే 130 మాటలది ముందు రాసుకోండి, తరువాత దాన్నే పెంచి 350 మాటలది చేసుకోండి. మొదటి వాక్యంలో ఐటెం నంబరు, ఏం చేయమంటున్నారో రెండూ ఉండాలి. పసుపు లైటు వెలిగిందంటే మా హాల్లో ముప్ఫై సెకన్లు మిగిలినట్టు.

ఇంతకీ ఏం అడగాలి? సిటీకి చేతకానిది అడిగితే ఆ మూడు నిమిషాలూ గాలికి పోయినట్టే. తుపాకుల రిజిస్ట్రేషన్, లైసెన్సింగు కాలిఫోర్నియాలో రాష్ట్రం తన చేతిలోనే పెట్టుకుంది. శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లు 2005లో ఊళ్లో చేతి తుపాకులు ఉండకూడదని తీర్మానిస్తే, 2008లో అప్పీలు కోర్టు కొట్టేసింది. సిటీ చేయగలిగినవీ ఉన్నాయి. తుపాకుల దుకాణం ఎక్కడ పెట్టవచ్చో చెప్పగలదు. ఇంట్లో తాళం వేసి ఉంచాలనగలదు. మన తెలుగువాళ్లు దండిగా ఉండే సన్నీవేల్‌లో 2013 నవంబరులో ఓటర్లు మెజర్ సీ పాస్ చేశారు. తుపాకీ పోతే 48 గంటల్లో పోలీసులకు చెప్పాలి, పదికి మించి తూటాలు పట్టే మ్యాగజైన్లు దగ్గర ఉంచుకోకూడదు, తూటాలు అమ్మేవాళ్లు రికార్డు ఉంచాలి. మ్యాగజైన్ల నిబంధన మీద కేసు పడింది, 2015లో తొమ్మిదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీలు కోర్టు దాన్ని ఆపడానికి ఒప్పుకోలేదు.

ఆర్డినెన్సు, అంటే సిటీ చేసే స్థానిక చట్టం, అడిగేటప్పుడు దానికి పట్టే కాలం కూడా తెలిసి ఉండాలి. మామూలుగా రెండు మీటింగుల్లో రెండు ఓట్లు పడాలి, వాటి మధ్య కనీసం ఐదు రోజులుండాలి, ఆఖరి ఓటు తరువాత 30 రోజులకు అమలు. శాన్ హోసేలో 2021 మే 26న రైల్ యార్డులో తొమ్మిది మందిని కాల్చి చంపిన తరువాత, తుపాకీ ఉన్నవాళ్లు బీమా తీసుకోవాలన్న ఆర్డినెన్సు మీద మొదటి ఓటు పడింది 2022 జనవరిలో. దేశంలో మొదటిది కావడంతో వెంటనే కోర్టు కేసూ వచ్చింది. ఏ కొత్త ఆర్డినెన్సుకైనా సిటీ అటార్నీ (సిటీ తరఫు లాయరు) మొదట లెక్క వేసేది ఈ కేసుల ఖర్చే. ఇంట్లో తుపాకీకి తాళం వేయాలని 2026 జనవరి 1 నుంచి రాష్ట్ర చట్టమే చెప్తోంది, కాబట్టి అదే మళ్లీ సిటీని అడగడం కంటే తాళాలు ఉచితంగా పంచడానికి డబ్బు కేటాయించమనడం తేలిక. అది ఒక్క ఓటుతో అయిపోతుంది.

డబ్బు దగ్గరే అసలు పని. ఊళ్లో కాల్పుల్లో ఎక్కువ భాగం వెనక చాలా కొద్దిమంది ఉంటారు. వాళ్లను గుర్తించి, నేరుగా కూర్చోబెట్టి మాట్లాడి, ఉద్యోగం, ఇల్లు, కౌన్సెలింగ్ ఇప్పిస్తూ వెంట ఉండటం ఒక పద్ధతి. బే ఏరియాలోనే ఉన్న రిచ్‌మండ్ ఇందుకోసం 2007లో ప్రత్యేకంగా ఒక ఆఫీసే పెట్టింది. ఓక్లాండ్ ఇదే పద్ధతిలో 2012లో మొదలుపెట్టిన సీజ్‌ఫైర్ కార్యక్రమాన్ని పరిశోధకులు పరిశీలించి, తుపాకీ హత్యలు 30 శాతానికి పైగా తగ్గడంతో దానికి సంబంధం ఉందని 2018లో తేల్చారు. తరువాత కొన్నేళ్లలో సిటీ ఆ పద్ధతిని నీరుగార్చిందని 2024 మొదట్లో బయటికొచ్చిన ఆడిట్ చెప్పింది. మైకు దగ్గర ఈ రెండో భాగం తప్పకుండా చెప్పండి, కౌన్సిలర్లు మొదటిది వినే ఉంటారు.

ఇలాంటి పనికి రాష్ట్రం ఇచ్చే గ్రాంటు పేరు కాల్‌విప్. 2024 జూలై 1 నుంచి తుపాకులు, తూటాల మీద వేస్తున్న 11 శాతం పన్నులోంచి మొదటి 7.5 కోట్ల డాలర్లు దీనికే పోవాలని చట్టం. గ్రాంటు వచ్చిందని చప్పట్లు కొట్టకండి. ఎంతమంది అవుట్‌రీచ్ వర్కర్లకు సరిపోతుంది, ఎన్ని నెలలకు, గడువు తీరాక జీతాలు జనరల్ ఫండ్ (సిటీ సొంత ఖజానా) నుంచి వస్తాయా అని అడగండి. నమ్మకం కుదిరిన మనిషి గ్రాంటు అయిపోయి వెళ్లిపోతే, కొత్త మనిషిని అదే వీధి మళ్లీ నమ్మడానికి ఎంతో కాలం పడుతుంది. తుపాకులు తిరిగి కొని గిఫ్ట్ కార్డులిచ్చే కార్యక్రమం ఫొటోలకు బాగుంటుంది, పేపర్లో పడుతుంది. దానివల్ల కాల్పులు తగ్గాయని చెప్పే గట్టి ఆధారం నాకు ఎక్కడా కనిపించలేదు. ఉన్న ఒక్క నిమిషాన్ని నేను దాని మీద ఖర్చు పెట్టను.

పోలీసు శాఖ స్లయిడ్లు చూపించేటప్పుడు ఒక కన్ను తెరిచి ఉంచండి. తూటా శబ్దం పట్టే మైక్రోఫోన్ల అలర్టులు, కాల్చిన తూటాల ఖాళీ గొట్టాలు దొరికిన ఘటనలు, మనిషికి తగిలిన ఘటనలు, ఈ మూడూ వేరు వేరు లెక్కలు. ఒక ఏడాది ఒకటి, మరుసటి ఏడాది మరొకటి చూపిస్తే గ్రాఫు ఎటు కావాలంటే అటు వంగుతుంది. హత్యలు మాత్రమే చూపిస్తే, తూటా తగిలి బతికినవారి సంఖ్య అడగండి. చిన్న ఊళ్లో హత్యలు నాలుగు నుంచి రెండైతే "సగం తగ్గాయి" అంటారు. ఇంకోటి, అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలు. వాటికి పైన చెప్పిన వీధి కార్యక్రమం మందు కాదు. ప్రమాదంలో ఉన్న మనిషి దగ్గర్నుంచి తుపాకీని తాత్కాలికంగా తీసుకునే కోర్టు ఉత్తర్వు కాలిఫోర్నియాలో 2016 నుంచి ఉంది, కుటుంబసభ్యులే కాదు, 2020 సెప్టెంబరు నుంచి కొన్ని షరతులతో సహోద్యోగులు, టీచర్లు కూడా కోర్టును అడగవచ్చు. శాన్ డియాగోలో సిటీ అటార్నీ ఆఫీసే ఈ కేసుల కోసం పూనుకుని పనిచేస్తోంది. మన ఊళ్లో ఒక అటార్నీ పోస్టు అందుకు ఇవ్వండి అనడం కౌన్సిల్‌ను అడగదగిన కోరిక.

మనవాళ్ల సంగతి. 2017లో కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో, 2023లో టెక్సాస్ ఆలెన్ మాల్‌లో తెలుగువాళ్లు పోయినప్పుడు కొవ్వొత్తులు వెలిగించాం, చందాలు పోగుచేశాం. రాత్రిపూట గ్యాస్ స్టేషన్ కౌంటర్ల దగ్గర నిలబడే పిల్లల విషయానికి వచ్చేసరికి నిర్ణయం జరిగేది కౌన్సిల్లో కూడా కాదు, ఏ స్థలంలో ఏం నడపవచ్చో అనుమతులు చూసే ప్లానింగ్ కమిషన్లో. దుకాణం ఎంత రాత్రివరకు తెరవాలి, మద్యం ఎప్పటిదాకా అమ్మాలి, బయట వెలుతురు, కెమెరాలు, కిటికీలకు పోస్టర్లు అడ్డం పెట్టకూడదు, ఇవన్నీ కండిషనల్ యూజ్ పర్మిట్ (దుకాణానికి షరతులతో ఇచ్చే అనుమతి) షరతుల్లో పెట్టవచ్చు. ఆ విచారణలకు దుకాణదారు, అతని లాయరు తప్ప ఎవరూ రారు. 2024 జూలై 1 నుంచి రాష్ట్రంలో చాలామంది యజమానులకు పని చోట హింస నివారణ ప్లాను రాతపూర్వకంగా ఉండాలి, ఉద్యోగులకు శిక్షణ ఇవ్వాలి, ఘటనల లాగ్ ఉంచాలి. జనం వచ్చే దుకాణం చిన్నదైనా మినహాయింపు లేదు. ఆ ప్లాను ఉందా అని కమిషనర్ల చేత అడిగించండి. కౌంటర్ దగ్గర పనిచేసే పిల్లలు తాము వచ్చి మాట్లాడలేరు, ఎందుకో అందరికీ తెలుసు. వాళ్ల తరఫున స్థానిక సంఘం నుంచి ఒకరు వస్తే చాలు.

మీటింగుకు ముందు కౌన్సిలర్లను విడివిడిగా కలవండి, ఇరవై నిమిషాలు ఇస్తారు. బ్రౌన్ యాక్ట్ ప్రకారం ఏడుగురి కౌన్సిల్లో నలుగురు, అంటే మెజారిటీ, కలిసి బయట ఈ విషయం చర్చించకూడదు. మన ద్వారా చర్చించినా చట్టాన్ని ఉల్లంఘించినట్టే. "ఫలానా ఆయన ఓటేస్తానన్నాడు" అని ఒకరి మాట ఇంకొకరికి మోయడం మనకు అలవాటే, ఇక్కడ అది కొంప ముంచుతుంది. ఆ మాట నాలుగో చెవిన పడితే మొత్తం ఐటెం మీదే ఫిర్యాదు రావచ్చు. అందరికీ కలిపి ఈమెయిల్ పంపితే, దయచేసి రిప్లై ఆల్ కొట్టవద్దని మనమే పైన రాయడం మంచిది.

ఇరవై మంది వచ్చి ఒకే కాగితం చదివితే మూడో మనిషి నుంచి వినడం మానేస్తారు. పనిని పంచుకోండి, ఒకరు అంకెలు, ఒకరు ఖర్చు, ఒకరు పొరుగు ఊరి అనుభవం. తుపాకీ ఉన్నవాళ్లను తిట్టడం ఓట్లు తేదు, కౌన్సిల్లో ఒకరిద్దరికి ఇంట్లో తుపాకీ ఉండే ఉంటుంది. కాగితాలు పంచాలంటే పది కాపీలు క్లర్క్‌కు ఇవ్వండి, నేరుగా వేదిక దగ్గరికి నడవకండి. భోజనం చేసి వెళ్లండి.

అజెండాలో లేని విషయాన్ని అజెండాలోకి తేవడానికి మా ఊళ్లో ఇద్దరు కౌన్సిలర్లు సంతకం చేసిన మెమో కావాలి, మీ ఊరి నియమం క్లర్క్ చెప్తారు. ఓటు పడ్డాక మినిట్స్‌లో (మీటింగు అధికారిక నమోదులో) మన ప్రసంగం ఉండదు, తీర్మానం, ఓట్ల లెక్క మాత్రమే ఉంటాయి. "స్టాఫ్ చూస్తారు" అని తేల్చితే, ఎవరు, ఏ తేదీకి తిరిగొచ్చి చెప్తారో ఆ రాత్రే కౌన్సిలర్ చేత అడిగించాలి. తేదీ పడకపోతే మరుసటి ఉదయం సిటీ మేనేజర్‌కు రెండు వాక్యాల ఈమెయిల్ పంపండి, అందులో వీడియోలో ఆ మాట అన్న నిమిషం కూడా రాయండి. జవాబు రాకపోతే సిటీ కాగితాలు చూపమని పబ్లిక్ రికార్డ్స్ అభ్యర్థన పెట్టండి, పది రోజుల్లో స్పందించాలి, కారణం చెప్పి ఇంకో 14 రోజులు అడగవచ్చు. కొత్త బడ్జెట్ జూలై 1న మొదలవుతుంది కాబట్టి ఈ ఉత్తరాలన్నీ ఫిబ్రవరి, మార్చిలోనే మొదలుపెట్టండి. మేలో ప్రతిపాదిత బడ్జెట్ అచ్చయ్యాక కొత్త లైను చేర్చాలంటే ఇంకెవరి లైనో కొట్టేయాలి, ఆ లైను తాలూకు మనుషులు కూడా కార్డు నింపి మీ పక్కనే కూర్చుని ఉంటారు.