మేమూ, మా డబుల్సూ, ఆ ముఖర్జీలూ

కర్నూల్లో ఏప్రిల్ నెలలో టీటీ, అదే టేబుల్ టెన్నిస్, ఆడినోళ్ళకి తెలుస్తాది, ఎండ ఒక బాధ కాదు, ఫ్యాన్ వేసుకోడానికి లేకపోవడం అసలు బాధ. బాల్ బరువు 2.7 గ్రాములు, పైన ఫ్యాన్ తిరిగితే అది ఎటు పోతాదో దానికే తెలీదు. అందుకని మేం ఆడే హాల్లో ఫ్యాన్లు ఆపేసి, గాలి రాకుండా కిటికీలు కూడా మూసేసి, నలుగురు ఆడోళ్ళం చెమటలు కార్చుకుంటా డబుల్స్ ఆడతాంటాం. డబ్బులిచ్చి మరీ ఉడకబెట్టించుకుంటాండారు మీరు అని మా ఆయన ఒకటే నవ్వుడు.

నా పార్ట్‌నర్ మా ఆఫీసులోనే సీనియర్, నేను అక్కా అంటా, ఆమె నన్ను "ఏమ్మే" అంటాది. ఇద్దరిదీ కుడిచేతి వాటమే, మా దరిద్రమంతా ఆడ మొదలైతాది. తెలీనోళ్ళ కోసం చెప్తాండా, టీటీ డబుల్స్ అంటే బ్యాడ్మింటన్ మాదిరి ఎవరి పక్కకొస్తే వాళ్ళు కొట్టేది కాదు, నువ్వొకసారి నీ పార్ట్‌నర్ ఒకసారి, వంతులేసుకుని కొట్టాల్సిందే, వంతు తప్పితే పాయింట్ పాయె. టేబుల్ వెడల్పు చూస్తే మీటరున్నర, 1.525 కరెక్టుగా. ఆ మీటరున్నర ముందర నలభై దాటిన ఇద్దరం నిలబడి, ఒకరు కొట్టంగానే పక్కకి జరిగి ఇంకొకరికి దారి ఇయ్యాల. ఒకరు ఎడమచేతి వాటం అయితే సుఖం, ఎవరి పక్క వాళ్ళుంటారు, ఒకరి కాళ్ళకి ఒకరు అడ్డం రారు. ఇద్దరూ కుడిచేతి వాళ్ళయితే గానుగెద్దు మాదిరి ఒకరెనక ఒకరు తిరగాల్సిందే. నేను కొట్టినాక "ఆహా ఎంత బాగా కొట్టినా" అని ఆడే నిలబడి చూసుకుంటా, అదీ నా రోగం. ఒకసారట్లా చూసుకుంటాంటే అక్క బ్యాట్ ఇసురుగా వచ్చి నా మోచేతికి తగిలింది, ఇంకోసారి నా బ్యాట్ తగిలి ఆమె గాజులు రెండు చిట్లినాయి. గాజులు తీసేసి ఆడక్కా అంటే వినదు. గాజులు కాదు మే, నువ్వు తప్పుకో ముందు, అంటాది.

పోయినేడాది ఉద్యోగుల పోటీల్లో ఒక మ్యాచ్‌ని చివరి గేమ్ దాకా లాగినాం. చివరి గేమ్‌లో ఒక జట్టు 5 పాయింట్లకి రాంగానే టేబుల్‌కి అటోళ్ళు ఇటు, ఇటోళ్ళు అటు మారాల, దాంతోపాటు రిసీవ్ చేసే వరస కూడా తిరగబడతాది, అంటే అంతవరకూ ఎవరి సర్వ్ నేను తీసుకుంటాంటినో ఇప్పుడు ఆమెది అక్క తీసుకోవాల. అక్క మర్చిపోయింది. అంపైర్ ఆపి సరిచేసినాడు, పాయింటేం పోలేదు గానీ మా ఇద్దరికీ బుర్ర పోయింది, 11-9తో ఓడిపోయి బయటికొచ్చి రాజ్‌విహార్ సెంటర్ దాకా ఒక్క మాట లేదు. స్కూటీ నాదే, వెనక కూర్చున్నది ఆమే!

ఇంత చెప్పిందెందుకంటే, మన దేశం టీటీ డబుల్స్ జోడీ సుతీర్థా ముఖర్జీ, ఐహికా ముఖర్జీ ఆట చూసినప్పుడు నాకెందుకు అంత పిచ్చెక్కిందో అర్థం కావాలని. 2023 సెప్టెంబర్ 30, శనివారం, హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్, క్వార్టర్ ఫైనల్. అక్క వాళ్ళింట్లో ఉగ్గాని బజ్జీ ప్లేట్లు ముందర పెట్టుకుని ఫోన్లో చూస్తాంటిమి. ఎదురుగా చైనా జోడీ, చెన్ మెంగ్, వాంగ్ యీడి. అదే ఏడాది వరల్డ్ ఛాంపియన్లు, అందులో చెన్ మెంగ్ అయితే టోక్యో ఒలింపిక్స్ సింగిల్స్ గోల్డ్. ఆడేది చైనాలో, హాలంతా వాళ్ళ జనమే. మనోళ్ళు మొదటి రెండు గేములు 11-5, 11-5. ఉగ్గాని చల్లారిపోయింది, తినేటోళ్ళు లేరు. మూడోది 5-11 పోయింది, ఇంక అయిపోయిందిలే అని అక్క లేచి వంటింట్లోకి పోయింది, నాలుగోది 11-9, మ్యాచ్ మనోళ్ళదే. నేనరిచిన అరుపుకి పక్కింటోళ్ళు వచ్చి ఏమైంది అని అడిగినారు.

వాళ్ళు అక్కచెల్లెళ్ళు కాదు, శానా మంది అట్లే అనుకుంటారు. ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే, బెంగాల్లో హుగ్లీ ఒడ్డున నైహాటి. ఐహికా బ్యాట్‌కి బ్యాక్‌హ్యాండ్ వైపు యాంటీ స్పిన్ రబ్బర్ వాడతాది. మామూలు రబ్బర్ బాల్‌ని పట్టుకుని తిప్పుతాది, ఇది జారుడు రబ్బర్, ఎదుటోళ్ళు ఎంత స్పిన్ పెట్టి పంపినా చచ్చిన బాల్ మాదిరి నెమ్మదిగా పోతాది, వాళ్ళ స్పిన్ వాళ్ళకే తిరగబడి పోతాది. డబుల్స్‌లో వంతులు కదా, ఒక బాల్ ఇట్లా చచ్చి వస్తే తర్వాతి బాల్ ఇంకొకరి చేతి నుంచి ఇంకో రకంగా వస్తాది, కుదురుకునే టైమే దొరకదు. సెమీస్‌లో నార్త్ కొరియా జోడీ మీద ఏడు గేములు లాగి 3-4తో పోయినారు, కంచు వచ్చింది. ఏషియన్ గేమ్స్ విమెన్స్ డబుల్స్‌లో మనకి అదే మొదటి మెడల్. మరుసటేడు అస్తానాలో ఏషియన్ ఛాంపియన్‌షిప్‌లో కూడా కంచు పట్టుకొచ్చినారు.

మరి ఒలింపిక్స్? ఆడ నాకు కడుపుమంట. 1988 సియోల్ నుంచి 2004 ఏథెన్స్ దాకా విమెన్స్ డబుల్స్ ఉండేది, 2008లో తీసేసి టీమ్ ఈవెంట్ పెట్టినారు. టీములో డబుల్స్ ఒక మ్యాచ్ ఉంటాది గానీ ముగ్గురితోనే సింగిల్స్ కూడా ఆడించాల కదా, అట్లాంటప్పుడు ఉత్త జోడీ కోసం ఇద్దర్ని ఎవరు తీసుకుంటారు? పారిస్‌కి మనిక, శ్రీజ, అర్చన పోయినారు, ఐహికా రిజర్వ్, సుతీర్థా లేనే లేదు. మన హైదరాబాద్ పిల్ల శ్రీజ పోయిందని సంతోషమే, ఆ యమ్మి 2024లో నైజీరియా లాగోస్‌లో జరిగిన టోర్నీలో సింగిల్స్ గెలిచి అర్చనతో డబుల్స్ కూడా గెలిచింది, ఆమెని వంక పెట్టేదేం లేదు. 2028 లాస్ ఏంజెలెస్‌లో డబుల్స్ మళ్ళా పెడతాండారంట, ఇన్నేళ్ళకి బుద్ధొచ్చింది.

డబుల్స్ తీసేయకముందు బార్సిలోనాలో 1992లో జరిగింది అక్కకి చెప్పినా. చైనా డెంగ్ యాపింగ్, చియావ్ హాంగ్ కలిసి డబుల్స్ గోల్డ్ కొట్టినారు, సింగిల్స్ ఫైనల్లో చూస్తే వాళ్ళిద్దరే ఎదురెదురు, డెంగ్ గెలిచింది. నాలుగేళ్ళకి అట్లాంటాలో మళ్ళా కలిసి ఆడి మళ్ళా గోల్డ్. అక్క అంతా విని, అయితే వాళ్ళు స్కూటీ మీద ఇంటికి ఎట్లా పోయింటారు మే, అనింది.

పోయిన వారం అక్క నాకు చెప్పకుండా ఆన్‌లైన్లో యాంటీ స్పిన్ రబ్బర్ తెప్పించింది. ఐహికా మాదిరి ఆడతాదంట. ఆదివారం హాల్లో అందరం చుట్టూ చేరి ప్యాకెట్ విప్పినాం, పాత రబ్బర్ పీకేసింది కూడా, అప్పుడు తెలిసింది జిగురు విడిగా కొనాలని. ఆ రోజంతా ఒక పక్క ఉత్త చెక్కతోనే ఆడింది, నేను మాత్రం మామూలుగానే అడ్డం నిలబడినా.