అవ్వ మాటకు ఒక పరీక్ష

మేముండే అమెరికా ఊళ్లో స్కూలు సైన్స్ ఫెయిర్ అంటే పిల్లలు ఒక ప్రశ్న ఎంచుకోవాలి, జవాబు ఏమై ఉంటుందో ఊహించి ముందే రాయాలి, ఆ తర్వాతే పరీక్షించాలి. మా పాప ఆరో తరగతి. వేసవి సెలవులకు తిరుపతి వచ్చేటప్పుడు ప్రశ్న ఇంకా దొరకలేదని దానికి టెన్షన్. అది వాళ్ల అవ్వ దగ్గర దొరికింది.

"పాత కుండలో నీళ్లు సల్లబడవు పాపా, ఏటేటా కొత్తది కొనాల" అంది మా అమ్మ.

"నీకెట్లా తెలుసు అవ్వా?"

మన ఇళ్లల్లో పెద్దవాళ్లను ఇలా అడిగితే ఎదురు చెప్పినట్టే లెక్క. నాకు మాత్రం సంతోషమేసింది. దూరదేశంలో పెరిగే పిల్ల అవ్వ మాటను పరీక్షించి చూసేంతగా పట్టించుకుందంటే, అంతకన్నా గౌరవం ఏముంటుంది?

మట్టికుండ గోడలోని సన్నటి రంధ్రాల్లోంచి నీరు బయటికి ఊరి ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. అర లీటరుకు పైగా నీళ్లను ఒక డిగ్రీ చల్లబరిచేంత వేడి అది. బోరు నీళ్లలోని సున్నం లాంటి ఉప్పులు మాత్రం ఆవిరి కాకుండా రంధ్రాల్లోనే మిగిలిపోతాయి. పాత కుండ మీద కనిపించే తెల్లటి పొర అదే. కాబట్టి పాత కుండ తక్కువ ఊరుతుంది, తక్కువ చల్లబడుతుంది. ఇదీ పాప ఊహ.

అవ్వ పాత కుండ పెద్దది, కొత్తగా కొన్నది చిన్నది. తేడా సైజు వల్లే వచ్చిందని ఎవరైనా అంటే? పక్కింట్లో అడిగి కొత్త కుండ సైజుదే ఒక పాత కుండ తెచ్చుకుంది. పోలికకు అసలు ఊరని స్టీలు బిందె. మూడింట్లోనూ ఒకే నీళ్లు, ఒకే కొలత, వరండాలో ఒకే నీడ. పూటపూటకీ థర్మామీటరు పెట్టింది, కాటా మీద తూచింది. బరువు ఎంత తగ్గితే అంత నీరు ఆవిరైనట్టు. నేను చెయ్యి పెట్టలేదు. అమ్మానాన్నలు చేసిపెట్టిన ప్రాజెక్టు ఎంత అందంగా ఉన్నా, జడ్జి "ఎందుకిలా చేశావు?" అంటే పిల్లలకు నోరు పెగలదు.

కొత్త కుండే ఎక్కువ బరువు తగ్గింది, దాని నీళ్లే ఎక్కువ చల్లబడ్డాయి. మబ్బుపట్టి ఉక్కపోసిన రోజుల్లో మాత్రం కుండలకూ బిందెకూ పెద్ద తేడా లేదు. గాల్లో తేమ పెరిగితే ఆవిరి కావడం మందగిస్తుంది మరి. దాంతో నోటుబుక్కులో ఆకాశానికీ ఒక గడి గీసుకుంది. చిత్తూరు దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉందనీ, అక్కడ రాడారుతో పైగాలుల్ని కొలుస్తారనీ చెబితే, "వాళ్లకీ ఇట్లాంటి గడులు ఉంటాయా?" అంది.

కుండ కింద ఇసుక పోస్తే ఇంకా చల్లబడుతుందన్న అవ్వ రెండో మాట తేలలేదు. పాప అలాగే రాసి చదివి వినిపించింది.

"ఇసుక తడిపినావా?" అంది అవ్వ.

తడపలేదు. అవ్వకు అది వేరే చెప్పాల్సిన సంగతే కాదు. పాపకు తెలిసే దారే లేదు. తడి ఇసుకతో మళ్లీ మొదలుపెట్టింది.

ఇప్పుడు ఫోన్లో ఇద్దరికీ ఇవే కబుర్లు. పాత కుండను చింతపండుతో తోమితే మళ్లీ ఊరుతుందేమో కదా అని ఈసారి అవ్వే అడిగింది. పులుపు సున్నపు పొరను కరిగిస్తుంది కాబట్టి ఊరవచ్చని పాప తన ఊహ ముందే రాసిపెట్టుకుంది. వచ్చే వేసవి దాకా ఆ కుండను తన దగ్గరే ఉంచుకుంటానని అవ్వ పక్కింటివాళ్లకు చెప్పేసింది.