ఇల్లు విశాఖలో, ఓటు ఊళ్లో

2021 మార్చి 10న మహా విశాఖ నగరపాలక సంస్థకు పోలింగ్ జరిగింది. అంతకుముందు ఎన్నికలు జరిగింది 2007లో. 2012 నుంచి తొమ్మిదేళ్లు ఎన్నికైన పాలకమండలే లేదు. అన్నాళ్లకు 98 వార్డుల్లో జనం ఓట్లు వేస్తుంటే, నేను కంచరపాలెంలో మేడ మీద బట్టలు ఆరేసుకుంటున్నాను. నా ఓటు శ్రీకాకుళం జిల్లాలో, అత్తవారి ఊళ్లో ఉంది మరి.

మా వీధి చివర గెడ్డ ఉంది. (వాగుకూ, పెద్ద మురుగు కాలువకూ మా వైపు అదే మాట.) కొబ్బరి బొండాలు, థర్మాకోల్ ముక్కలు, ఒకసారైతే ఏకంగా పరుపు, అన్నీ అందులోనే. ఆ మధ్య పూడిక తీసి గట్టు మీదే పోశారు. రెండో రోజు వానకు సగం గెడ్డలోకి, సగం మా గుమ్మంలోకి వచ్చింది.

అర్జీ రాసి, పదిహేడు మంది చేత సంతకాలు పెట్టించి తీసుకెళ్లాను. బల్ల దగ్గరున్నాయన సంతకాల వంక చూడలేదు. "ఓటు ఇక్కడేనా అమ్మా?" అన్నారు. అర్జీకీ ఓటుకూ సంబంధం ఏమిటని అడగాల్సింది. నోరు రాలేదు. పదకొండేళ్లుగా ఇక్కడి నీళ్లు తాగుతూ, ఓటుకు మాత్రం బస్సెక్కి వెళ్తున్నదాన్ని.

ఆ రాత్రే ఓటు ఇక్కడికి మార్చుకోవడానికి ఫారం 8 నింపాను. 2022 నుంచి వేరే నియోజకవర్గానికి మారినా అదే ఫారం. అద్దె ఇల్లు కాబట్టి చిరునామాకు ఏం చూపాలా అని భయపడ్డాను కానీ, బ్యాంకు పాసుపుస్తకం సరిపోయింది. వార్డు ఎన్నికలకు అసెంబ్లీ ఓటర్ల జాబితానే వార్డులవారీగా విడదీస్తారు. అందులో పేరు లేకపోతే కార్పొరేటర్ దృష్టిలో మనం లేనట్టే.

మామయ్యగారు ఫోనులో నొచ్చుకున్నారు. "సర్పంచి ఎన్నికలప్పుడు మన ఇంటి ఓట్లెన్ని అంటే ఒకటి తగ్గించి చెప్పాలా?" అన్నారు. ఆయన లెక్క ఆయనది. గెడ్డ ఆయన గుమ్మంలోకి రాదు కదా!

మొన్న ఆదివారం మా బూత్ జాబితా ప్రింటు తీసి, మెట్ల మీద కూర్చుని ఇంటింటి పేర్లూ చదివాను. అద్దెకున్న నాలుగు కుటుంబాల పేర్లు లేవు. ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లినవాళ్లవి మాత్రం ఉన్నాయి. పక్కింటి పిన్నిగారి దగ్గరికి వచ్చేసరికి ఆమె పేరుతో పాటు బాబాయిగారి పేరూ చదివేశాను. ఆయన పోయి నాలుగేళ్లు. పేరు తీయించడానికి ఫారం 7 ఉందని చెప్పాను.

పిన్నిగారు కాసేపు ఆ కాగితం వైపే చూశారు. "నువ్వు నింపి ఉంచు. సంతకం తర్వాత పెడతాను" అన్నారు.

నింపాను. ఇంకా నా సంచిలోనే ఉంది.