ఇరవై గ్రాముల మీద ఒక్కటి

పదకొండు దాటింది, నిద్ర పడ్తలేదు. చిన్నోడు ఎప్పుడో పండుకున్నడు. నాకేమో ఆ దేవరకొండకు పంపిన కవరే కండ్లల్ల మెదుల్తుంది.

ఇయ్యాల 140 కవర్లు. ఆఫీసుకు పోంగనే ఫ్రాంకింగ్ మిషిన్ల, అంటే స్టాంపుకు బదులు కవరు మీద పైసల ముద్ర కొట్టే మిషిన్ల, తేదీ మార్చిన, చిత్తుకాయితం మీద ఒక ముద్ర కొట్టి చూసుకున్న. నిన్నటి తేదీ పడ్డదంటే పోస్టాఫీసుల కట్టకు కట్ట వాపస్ ఇస్తరు, ఒకసారి అయ్యింది నాకు. ఇవి పోయి ఎర్ర డబ్బాల ఏసేటివి గావు. మిషిన్ లైసెన్సుల రాసున్న పోస్టాఫీసులనే, అదే రోజు ఇయ్యాలె.

20 గ్రాముల దాకా 5 రూపాయలు, దాటితే 10. మూడు కాయితాలు మడిచి కవర్ల పెడితే పద్దెనిమిది కాడ ఆగుతది. ఈ దేవరకొండ కవర్ల మాత్రం లెక్కల చీటీ ఒకటి పిన్ను కొట్టి ఉంది. ఫ్యాను గాలికి కాంటా నిలుస్తలేదని ఫ్యాను బందు చేసిన. 20, 21, 20... ఆఖరికి 21.

పదికి మార్చబోతుంటే సారు ఎనుకనుంచి "ఐదే కొట్టమ్మా, ఒక్క గ్రాము ఎవడు చూస్తడు, టైమైతుంది" అన్నడు. టైమెందుకైంది మరి? పొద్దుగాల పదిన్నరకు టేబుల్ మీద పెట్టిన ఫైలు మూడున్నర దాకా ముట్టలే. సంతకాల మధ్యల రెండుసార్లు చాయ్. నా చేతికి వచ్చేసరికి నాలుగు. రోజూ ఇదే. ఉరుకుడు నాకు, ఉపదేశం ఆయనకు.

ఐదే కొట్టిన.

తక్కువ పడ్డదానికి రెండింతలు అందుకునేటోళ్ల దగ్గర వసూలు చేస్తరు. తాత బొంబాయిల పనికి పోయినప్పుడు మా నాయినమ్మకు అట్లనే స్టాంపు తక్కువ పడ్డ బేరింగు ఉత్తరం వచ్చింది. పోస్టుమాన్ గడప అవతలే నిలబడ్డడు. ఆమె ఉత్తరం చేతిల పట్టుకొని అటు తిప్పింది, ఇటు తిప్పింది, ఎండకు పెట్టి చూసింది. చదువు రాదు. కొంగుముడి ఇప్పితే పైసలు సాలలే. గంపకింద నుంచి రెండు గుడ్లు తెచ్చి ఇయ్యబోయింది. ఆయన తీసుకోలే, ఉత్తరం వాపస్ తీసుకొని సంచిల పెట్టుకున్నడు. ఆమె పక్కింటికి ఉరికి, చిల్లర చేబదులు తెచ్చి, చెరువుకట్ట దాకా ఆయనెంట పోయి తెచ్చుకుంది. చెప్పులు గూడ ఏసుకోలే.

ఇందాకటిదాంక సారునే తిట్టుకుంట కూసున్న. కానీ కాంటా మీద 21 చూసింది నేను. కవరు మిషిన్లకు తోసింది నేను. పిన్ను పీకి మళ్ల తూచితే ఇరవైకి దిగునేమో, అదన్న చెయ్యలే. పది కొట్టినా ఆయన ఏమీ అనకపోవు, అప్పటికే తలకాయ ఫోన్ల పెట్టిండు.

సాయంత్రం రిజిస్టర్ల బ్యాలెన్సు రూపాయితో సహా కలిసింది. ఆ సంతోషం బస్టాండు దాకా ఉంది.

ఆ కవరు తండాల ఉన్న ఒక ముసలామెకు. ఆమెకు రావాల్సిన పైసల గురించే. అది అందుకోనీకి పది రూపాయలు అడుగుతరు. ఫైల్ల ఆమె కొడుకు నంబరు ఉన్నట్టు యాది. పొద్దుగాల సారు రాకముందే పోయి చూడాలె.