బంక్, హుకీ, థావ్ ఖ

సంచికకు ఏదైనా రాయమంటే మన బ్యాచ్‌లో సగం మంది అనాటమీ ల్యాబ్ గురించి, మిగతా సగం హాస్టల్‌లో పప్పుచారు కాచిన వైనం గురించి రాస్తారు. నేను చైనాలో మన చదువుల ఊరు తియాన్‌జిన్‌లో మన ఇంగ్లీష్ కార్నర్ గురించి రాస్తాను. చైనా క్యాంపస్‌లలో ఇది మామూలే. ఇంగ్లీషు మాట్లాడాలని ఉన్న పిల్లలు సాయంత్రం ఒకచోట చేరి, కనబడ్డ విదేశీయుణ్నల్లా పలకరిస్తారు. మన క్లాసులు వేరు, వాళ్ల క్లాసులు వేరు కాబట్టి చైనా స్నేహితులు మనకు దొరికింది అక్కడే.

ఒకరోజు ఒకమ్మాయి "టుడే ఐ ఎస్కేప్డ్ మై క్లాస్" అంది. మన గుంటూరువాడు ఊరుకుంటాడా, "గోడ దూకావా?" అన్నాడు. క్లాసు ఎగ్గొట్టడాన్ని చైనీస్‌లో 'థావ్ ఖ' అంటారు. థావ్ అంటే పారిపోవడమే. ఆ పిల్ల దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దింపేసింది. 'స్కిప్డ్' అనమన్నాం. 'మిస్డ్' అంటే జ్వరమొచ్చినా, బస్సు తప్పినా చెల్లుతుంది. 'స్కిప్డ్' అంటే కావాలని మానేసినట్టే. ఇది తెలియకపోతే ఆస్పత్రికి వెళ్లొచ్చినవాడు కూడా టీచర్ ముందు దొంగైపోతాడు.

'ప్లే ట్రూయంట్' వాళ్లకు ముందే వచ్చు, డిక్షనరీలో బట్టీపట్టారు. స్నేహితుల దగ్గర ఆ మాట వాడితే నోటీసు బోర్డు చదివినట్టుంటుంది. అమెరికావాళ్ల 'ప్లే హుకీ' కాస్త పాతబడింది, బడిపిల్లలకే నప్పుతుంది. కాలేజీవాళ్లయితే 'కట్ క్లాస్' అంటారు. ఆస్ట్రేలియాలో 'వ్యాగ్', బ్రిటన్‌లో 'స్కైవ్', 'బంక్ ఆఫ్'. ఆ 'ఆఫ్'ను మనం ఎక్కడో వదిలేసి 'కొట్టు' తగిలించుకున్నాం. ఎగ్గొట్టినా, డుమ్మా కొట్టినా, బంక్ కొట్టినా మనకు కొట్టనిదే పని జరగదు!

అన్నిట్లోకీ వాళ్లకు నచ్చింది మన 'మాస్ బంక్'. క్లాసంతా కట్టగట్టుకుని మానేయడమా, మరి క్లాస్ మానిటర్ ఏం చేస్తాడని ఒకటే ఆశ్చర్యం. మానిటర్ కూడా మాతోనే సినిమాకొస్తాడంటే నమ్మలేదు. ప్రాక్సీ మాత్రం వాళ్లకు నేర్పక్కర్లేదు. హాజరు పిలిస్తే అక్కడ 'దావ్' అనాలి. పక్కవాడి కోసం గొంతు మార్చి ఇంకో 'దావ్' అనడంలో మనకేమీ తీసిపోరు.

బదులుగా తమ కాలేజీ సామెత ఒకటి చెప్పారు: "తప్పనిసరి క్లాసులు వీలునుబట్టి ఎగ్గొట్టాలి, ఆప్షనల్ క్లాసులు తప్పనిసరిగా ఎగ్గొట్టాలి." ఆ వారమే మన హాస్టల్ గోడ మీద దాన్ని తెలుగులో రాసిందెవరో ఈ సంచికలోనైనా బయటపడాలి.