స్టెంటు కన్నా ఆ ఆరు గంటలే కష్టం

గుండె రక్తనాళం మూసుకుపోకుండా తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం, అదే స్టెంటు, వేయించుకుని ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. ఆసుపత్రిలో చేరడం, పరీక్షలు, సంతకాలు ఇబ్బంది లేకుండా సాగాయి. తొడ మొదట్లోని రక్తనాళం గుండా స్టెంటు వేసినప్పుడు కూడా పెద్దగా నొప్పి తెలియలేదు.

అసలు కష్టం ఆ తరువాత మొదలైంది. స్టెంటు పంపడానికి గజ్జల్లో పెట్టిన గొట్టం తీసి, రక్తం కారకుండా 20 నిమిషాలు చేత్తో అదిమిపట్టి, ఇసుక సంచి పెట్టారు. కాలు మడవకూడదు, తల ఎత్తకూడదు. 6 గంటలు వెల్లకిలా పడుకోవాలి. ఒక్క ప్రమాదం లేకుండా 30 ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపిన నడుము నాది. రెండో గంటకే విరిగిపోతున్నట్టు అనిపించింది. చెబితే డ్యూటీలో ఉన్న డాక్టరు, "నడుము నొప్పికి ఇంత గోలా? ఈ వయసులో ఆ మాత్రం ఓర్చుకోలేరా?" అన్నాడు, పక్క మంచాల వాళ్లందరికీ వినబడేలా. సర్వీసులో ఎవరితోనూ మాట పడినవాణ్ణి కాను. కన్నీళ్లు చెవుల్లోకి కారాయి.

రాత్రి డ్యూటీకి వచ్చిన సిస్టర్ ముందు గజ్జల దగ్గర కట్టు చూసింది, పాదం మీద నాడి చూసింది, పెద్ద డాక్టరుకు ఫోను చేసి అడిగింది. ఇంకొకరిని పిలిచి కాలు వంగకుండా పట్టుకోమని, నన్ను దుంగలా కొద్దిగా పక్కకు ఒరిగించింది. అరచేతులు రుద్దుకుని వెచ్చబరచుకుంది. వెన్నెముక మీద నొక్కకుండా, దానికి అటూ ఇటూ నడుము నుంచి భుజాల దాకా నెమ్మదిగా నిమురుతూ వెళ్లి, చేతులు ఎత్తకుండానే కిందికి జార్చింది. అలా 10 నిమిషాలు. మంచం అంచును బిగించి పట్టుకున్న నా వేళ్లు ఎప్పుడు వదులయ్యాయో తెలియదు. "ఇది మాకు చదువులోనే నేర్పిస్తారు బాబాయి గారూ, చేసే తీరికే దొరకదు" అంది.

దూదికి కూడా లెక్క కట్టిన బిల్లులో ఆ 10 నిమిషాల ఊసు లేదు. వార్డుకు ఇంకొక నర్సును పెట్టడానికి మాత్రం ఆసుపత్రి వాళ్లకు చేతులు రావు.

మీకూ అలా నొప్పి వస్తే నోరు మూసుకుని పడి ఉండకండి, అడగండి. స్టెంటు తొడ నుంచి కాకుండా మణికట్టు దగ్గర నుంచి వేయడం కుదురుతుందేమో ముందే కనుక్కోండి. అలా చేస్తే ఇంతసేపు కదలకుండా పడుకోనక్కర్లేదు.

నిన్న మా బావమరిది నువ్వుల నూనె వేడి చేసి పిక్కలు పిసుకుతానని కూర్చున్నాడు. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడుతున్నాను, గట్టిగా నొక్కితే కమిలిపోతుంది. పిక్కలో రక్తపు గడ్డ ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు కూడా. డాక్టరు చెప్పేదాకా వద్దన్నాను. అలిగి భోజనం చేయకుండా వెళ్లిపోయాడు.

రేపు మళ్లీ చూపించుకోవాలి. ఆ సిస్టర్ కోసం మా ఆవిడ దొడ్లో కాసిన జామకాయలు సంచిలో సర్ది పెట్టింది.